గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాదు: బయటి వైఫైలో ల్యాప్‌టాప్ గొడవ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నెలలో పది పన్నెండు రోజులు ప్రయాణాల్లో ఉంటారు. విజయవాడ, సికింద్రాబాద్ స్టేషన్లలో, లాడ్జిల్లో, కాఫీ షాపుల్లో ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చూసుకోవాలి. వైఫైకి కనెక్ట్ అవుతుంది, గీతలన్నీ నిండుగా కనపడతాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. తెరుచుకున్న రోజున మీటింగ్ మధ్యలో తెగిపోతుంది. పక్కనే ఫోన్‌లో అదే వైఫై బాగానే వస్తోంది. యాంటెన్నా ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ కొంటే తీరుతుందా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. కనెక్ట్ అయ్యాక కూడా పేజీ తెరుచుకోవడం లేదంటే చాలాసార్లు కారణం సిగ్నల్ కాదు, లాగిన్ పేజీ రాకపోవడం. దాన్ని అడ్డుకునేది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్న వీపీఎన్ (మీ నెట్ అంతా ఆఫీసు దాకా ఒక రహస్య సొరంగంలోంచి పంపే ఏర్పాటు) గానీ, ఎప్పుడో చేత్తో పెట్టుకుని మరిచిపోయిన డీఎన్ఎస్ (సైటు పేరు చెప్తే దాని నంబర్ వెతికిచ్చే సర్వర్) గానీ అయి ఉంటుంది. మధ్యలో తెగిపోవడం వేరే జబ్బు, దానికి మందు వేరు. ఇక తప్పనిసరి మీటింగ్ ఉన్న రోజు ఏ బయటి వైఫైనీ నమ్ముకోవద్దు. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, సిమ్ డేటా మీద కూర్చోండి. పద్నాలుగేళ్లుగా లాడ్జిలకీ హాస్టళ్లకీ కల్యాణమండపాలకీ వైఫై పెట్టే పనిలో ఉన్న నేనే నా మీటింగులు అలా చేసుకుంటాను.

ముందు ఒక చిన్న అనుమానం తీర్చుకోండి. ఫోన్‌లో నిజంగా వైఫైతోనే వస్తోందా? వైఫైలో నెట్ లేదని తెలిస్తే ఈ కాలపు ఫోన్లు చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి, పైన వైఫై గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. మొబైల్ డేటా ఆపేసి మళ్లీ చూడండి. "ఫోన్‌లో వస్తోంది, ల్యాప్‌టాప్‌లో రావట్లేదు" అని నా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలామంది ఈ ఒక్క పరీక్షతో "అయ్యో, ఫోన్‌లో కూడా లేదండీ" అన్నారు.

ఇప్పుడు ఆ గీతల సంగతి. అవి చెప్పేది మీకూ, సీలింగ్‌కి బిగించిన, వైఫై ఇచ్చే ఆ తెల్ల డబ్బాకీ మధ్య సంగతే. ఆ డబ్బా వెనకాల నెట్ ఉందా, ఎంత ఉంది, ఎంతమంది పంచుకుంటున్నారు అన్నది గీతలకి తెలియదు. ఇంటి ముందు కుళాయి మెరుస్తూ ఉన్నంత మాత్రాన మునిసిపాలిటీ నీళ్లు వదిలినట్టు కాదు కదా. అందుకే నేను ఎక్కడికి పిలిచినా మొదట గీతలు చూడను, మూడు చోట్ల తట్టి చూస్తాను.

విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. అందులో మీ ఐపీ అడ్రస్ (ఆ వైఫైలో మీ ల్యాప్‌టాప్‌కి ఇచ్చిన నంబర్), డిఫాల్ట్ గేట్‌వే (వాళ్ల రూటర్ నంబర్) రెండూ కనపడతాయి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే మీకు అసలు అడ్రసే ఇవ్వలేదని అర్థం, ఇక మిగతా పరీక్షలు అనవసరం. అడ్రస్ సరిగ్గానే ఉంటే ముందు గేట్‌వేకి పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి పక్కన ఆ నంబర్ రాయండి, అవతలి నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూపిస్తుంది. తర్వాత 8.8.8.8కి, అది బయట ఉన్న గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్. ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. గేట్‌వే దగ్గరే జవాబులు 200, 500 మిల్లీసెకన్లంటూ ఎగిరిపడుతుంటే, మధ్యమధ్యలో అసలు రాకపోతే, తప్పు గాల్లో ఉంది: దూరం, రద్దీ, అడ్డం. గేట్‌వే దాకా పది మిల్లీసెకన్ల లోపు వచ్చి, 8.8.8.8కి రాకపోతే లాగిన్ కాలేదు, లేదా వాళ్ల లైనే పడిపోయింది. 8.8.8.8 వచ్చి పేరుకి రాకపోతే డీఎన్ఎస్. కొన్నిచోట్ల గేట్‌వే పింగ్‌కి జవాబివ్వకుండా కట్టేసి ఉంచుతారు, నేనూ అలా పెట్టినవి ఉన్నాయి. కాబట్టి గేట్‌వే మౌనంగా ఉండి మిగతావి పనిచేస్తే కంగారు పడొద్దు.

ఈ మూడు తట్లకి రెండు నిమిషాలు పడుతుంది. అది చేయకుండా వైఫై ఆపి పెట్టడం, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయడం, డ్రైవర్లు మార్చడం మొదలుపెడితే రైలు వచ్చేస్తుంది.

లాగిన్ పేజీ ఎందుకు రాదు? అసలు గొడవంతా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మీరు వైఫైకి కనెక్ట్ కాగానే విండోస్ తనంతట తాను మైక్రోసాఫ్ట్ వాళ్ల ఒక చిన్న పేజీని అడిగి చూస్తుంది. ఐఫోన్, మ్యాక్ యాపిల్ వాళ్ల పేజీని, ఆండ్రాయిడ్ గూగుల్ వాళ్ల పేజీని అడుగుతాయి. రావాల్సిన జవాబు వస్తే నెట్ ఉన్నట్టు. మధ్యలో స్టేషన్ వైఫై ఆ ప్రశ్నని పట్టుకుని తన లాగిన్ పేజీని చూపిస్తే, "ఓహో, ఇక్కడ సైన్ ఇన్ కావాలి" అని అర్థం చేసుకుని బ్రౌజర్ తెరుస్తుంది. మొత్తం ఏర్పాటు ఈ చిన్న మోసం మీద నడుస్తుంది. మీరు అడిగింది ఒకటి, వాళ్లిచ్చింది ఇంకొకటి.

ఇప్పుడు చూడండి. హెచ్‌టీటీపీఎస్ (అడ్రస్ ముందు https అని ఉండేది) ఉన్న సైట్ పుట్టిందే ఇలాంటి మోసాన్ని పట్టుకోవడానికి. మీరు జీమెయిలో, బ్యాంకు పేజీయో తెరవబోతే బ్రౌజర్ "ఇది అసలు సైటు కాదు" అని తలుపు మూసేస్తుంది, మీకు ఎర్ర హెచ్చరిక కనపడుతుంది. ఆఫీసు వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టి ఉంటే, సొరంగం కుదిరేదాకా అది ఇంకేదీ బయటికి వెళ్లనివ్వదు. లాగిన్ అయితే గానీ సొరంగం కుదరదు, సొరంగం కుదిరితే గానీ లాగిన్ పేజీ రాదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత అచ్చంగా ఇదే. డీఎన్ఎస్ సెట్టింగ్‌లో 8.8.8.8 అని చేత్తో రాసి ఉన్నా, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్‌కి మీరే ఒక ప్రొవైడర్‌ని ఎంచుకుని ఉన్నా ఫలితం దాదాపు అంతే.

నాకే జరిగింది చెప్తాను, సిగ్గుపడాల్సిందే. విజయవాడ ఆరో నంబర్ ప్లాట్‌ఫారం మీద ఒక కస్టమర్‌తో కాల్ ఉంది. స్టేషన్ వైఫై కనెక్ట్ అయింది, పేజీ రాదు. ఇరవై నిమిషాలు ఆ వైఫైని తిట్టుకుంటూ కూర్చున్నాను. పక్కన కాలేజీ కుర్రాడు అదే వైఫైలో క్రికెట్ చూస్తున్నాడు. చివరికి చూస్తే, ముందు వారం ఒక క్లయింట్ కోసం వేసిన వీపీఎన్ వెనకాల నడుస్తోంది. ఆపగానే పేజీ వచ్చింది. ఈలోగా నా రైలు కూడా వచ్చింది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. వీపీఎన్ ఆపండి. డీఎన్ఎస్ ఆటోమేటిక్‌కి తిప్పండి. వైఫైకి కనెక్ట్ అవ్వండి. పేజీ దానంతట అది రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) అనే సైటు తెరవండి. అది ఈ అవసరం కోసమే హెచ్‌టీటీపీఎస్ లేకుండా నడుపుతున్న పేజీ, దాన్ని పట్టుకుని లాగిన్‌కి మళ్లించడం సులువు. అదీ కాకపోతే ఇందాక చూసిన గేట్‌వే నంబర్‌నే అడ్రస్ బార్‌లో కొట్టి చూడండి. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ ఆన్ చేయండి, ఇది మరిచిపోవద్దు. ఆఫీసు వాళ్లు వీపీఎన్ ఆపనివ్వకుండా బిగించి ఉంటే మీ ఐటీ వాళ్లని అడగండి, చాలా వీపీఎన్‌లలో లాగిన్ పేజీ కోసం కొద్ది నిమిషాలు సందు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. ల్యాప్‌టాప్ గడియారం తప్పుగా ఉన్నా హెచ్‌టీటీపీఎస్ సైట్లు తెరుచుకోవు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ మొత్తం అయిపోయి లేచినప్పుడు తేదీ ఒకసారి చూసుకోండి.

స్టేషన్లలో మీకు కనపడే రైల్‌వైర్ వైఫై రైల్‌టెల్ వాళ్లది. గూగుల్‌తో కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలుపెట్టారు, 2020లో గూగుల్ తప్పుకున్నాక రైల్‌టెల్ సొంతంగా నడుపుతోంది. 2021లో డబ్బులిచ్చి వాడుకునే ప్లాన్లు తెచ్చినప్పుడు పెట్టిన లెక్క ప్రకారం రోజుకి మొదటి 30 నిమిషాలు ఉచితం, అది కూడా 1 ఎంబీపీఎస్ వేగంతో. ఆ పైన వేగం కావాలంటే రోజుకి పది రూపాయల నుంచి ప్లాన్లు. ఇది మీకెందుకంటే, "మీటింగ్ మధ్యలో తెగిపోయింది" అన్నప్పుడు మొదట అడగాల్సింది అరగంట అయిపోయిందా అని. లాడ్జిల్లోనూ అంతే. మేం సాధారణంగా గదికి రెండు పరికరాలని హద్దు పెడతాం. మీ ఫోన్, మీ వారి ఫోన్ ముందే ఎక్కి కూర్చుంటే ల్యాప్‌టాప్‌కి చోటుండదు. రిసెప్షన్‌లో అడిగితే పెంచుతారు, అడగాలి అంతే.

ఓటీపీ దగ్గర ఒక చిక్కు. మన దేశంలో బయటి వైఫై వాడేవాళ్లు ఎవరో తెలియాలని టెలికాం శాఖ 2009లోనే ఆదేశాలిచ్చింది, అందుకే ఎక్కడికి వెళ్లినా ఫోన్ నంబర్ అడుగుతారు. డల్లాస్ నుంచి వచ్చిన మా బావమరిదికి అమెరికా సిమ్ మీద ఆ ఓటీపీ రానే లేదు, లాడ్జిలో కూర్చుని నా నంబర్‌తో లాగిన్ అయ్యాడు. విదేశాల నుంచి వచ్చే మన వాళ్లు ఇంట్లో ఎవరిదైనా ఇక్కడి నంబర్ దగ్గర పెట్టుకోవాలి. పెద్ద విమానాశ్రయాల్లో అయితే హెల్ప్ డెస్క్‌లో అడిగి చూడండి, పాస్‌పోర్టు చూసి కూపన్ ఇచ్చే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంది. పక్కవాడి ఫోన్ నంబర్ అడగడం, పక్కవాడికి మీది ఇవ్వడం మాత్రం వద్దు. ఆ నంబర్ మీద ఏం జరిగినా మొదట మీ దగ్గరికే వస్తారు.

ఇందాక 169.254 అన్నాను కదా, దాని కథ కూడా చెప్పాలి. బెజవాడలో ఒక లాడ్జి, ఇరవై నాలుగు గదులు. ముహూర్తాలు వచ్చినప్పుడల్లా వైఫై పోతోందని ఫోన్. వెళ్లి చూస్తే నెట్ శుభ్రంగా ఉంది. రూటర్‌లో వంద అడ్రస్‌లే ఇవ్వడానికి పెట్టారు, ఒక్కొక్కటీ ఇరవై నాలుగు గంటలు పట్టి ఉంచేలా. పొద్దున ఖాళీ చేసిన పెళ్లివారి ఫోన్లు ఆ వందా పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాయి, సాయంత్రం దిగినవాళ్లకి ఇవ్వడానికి ఒక్కటీ మిగల్లేదు. అడ్రస్‌ల సంఖ్య పెంచి, గడువు రెండు గంటలకి తగ్గించాను, అంతే. మీరు అతిథిగా ఉన్నప్పుడు చేయగలిగింది తక్కువ. ఐపీకాన్ఫిగ్ రిలీజ్ (ipconfig /release), రెన్యూ (ipconfig /renew) రెండుసార్లు కొట్టి చూడండి. రాకపోతే రిసెప్షన్ వాళ్లకి "సిగ్నల్ లేదు" అని చెప్పకండి, "ఐపీ అడ్రస్ దొరకట్లేదు, రూటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి" అనండి. మాట సరిగ్గా చెప్తే పని తొందరగా అవుతుంది.

ఇక మధ్యలో తెగిపోవడం. ఇది ఎక్కువగా గాల్లో జరిగే గొడవ. వైఫైలో ఒక ఛానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి. పెళ్లి బంతిలో ఒక్కడే వడ్డిస్తున్నాడనుకోండి. చివర కూర్చున్న పెద్దాయనకి చెవుడు, "ఏమిటీ? మళ్లీ చెప్పు" అంటూ ఉంటాడు. వడ్డించేవాడు ఆయన దగ్గరే నిలబడిపోతే మిగతా విస్తళ్లన్నీ ఎండుతాయి. దూరంగా, బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న పరికరం చేసేది అదే. చిన్న ఫైలుకి కూడా బోలెడు సమయం తినేస్తుంది. అమీర్‌పేటలో ఒక హాస్టల్లో రాత్రి తొమ్మిదయ్యేసరికి ఎనభై మంది ఒకే డబ్బా మీద పడేవారు. లైన్ 100 ఎంబీపీఎస్ ఉంది, ఖర్చయ్యేది అందులో నలభై కూడా కాదు. లైన్ వేగం పెంచితే ఏం లాభం? అంతస్తుకి ఒక డబ్బా పెట్టాక తీరింది.

వైఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్ల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానళ్లు మూడే: 1, 6, 11. రద్దీ ఉన్న చోట అవి మూడూ కిక్కిరిసిపోయి ఉంటాయి, పైగా బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. మా వీధి చివర బేకరీలో కూర్చుని పనిచేసేవాణ్ణి, ఎవరైనా ఎగ్ పఫ్ వేడి చేయమన్నప్పుడల్లా నా కాల్ గరగరలాడేది. మొదట్లో నేనూ నమ్మలేదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారాక పఫ్‌లు ఎన్ని తిన్నా ఏమీ కాలేదు. ఎక్కడ దొరికినా 5 గిగాహెర్ట్జ్ పట్టుకోండి. ల్యాప్‌టాప్ డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే చాలావాటిలో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటుంది, అక్కడ 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. కాకపోతే అది గోడలు అంత బాగా దాటలేదు, అందుకని డబ్బా కనపడే చోట కూర్చోవాలి. తల ఎత్తి సీలింగ్ చూడండి, ఎల్‌ఈడీ వెలిగే తెల్ల డబ్బా ఎక్కడుందో కనిపెట్టండి. కాంక్రీట్ స్తంభం, ఫ్రిజ్, అద్దాల గోడ అడ్డం లేకుండా కుర్చీ వేసుకోండి. రెండు మీటర్లు జరగడం ఏ అడాప్టర్ కన్నా ఎక్కువ పనిచేసిన రోజులున్నాయి.

5 గిగాహెర్ట్జ్‌కీ ఒక తిరకాసు ఉంది. అందులో కొన్ని ఛానళ్లని రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినపడితే డబ్బా ఆ ఛానల్ వదిలిపెట్టి వెళ్లాల్సిందే. విశాఖలో ఒక హోటల్లో రోజుకి రెండు మూడుసార్లు అందరికీ ఒకేసారి తెగిపోయేది. లాగ్‌లో చూస్తే అదే కారణం. 36 నుంచి 48 మధ్య ఛానళ్లకి కట్టేశాక ఆగింది. అందరికీ ఒకేసారి తెగి ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే వస్తుంటే మీ ల్యాప్‌టాప్‌ని అనుమానించకండి.

మీ ఒక్కరికే తెగుతుంటే మాత్రం ల్యాప్‌టాప్ సంగతి చూడాలి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌కి పవర్ మేనేజ్‌మెంట్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో కరెంటు పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనపడదు, వాటిలో బ్యాటరీ సేవర్ ఆపి చూడండి. తర్వాత ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అనే సెట్టింగ్. హార్డ్‌వేర్ అడ్రస్ అంటే వైఫైకి మీ ల్యాప్‌టాప్ చూపించే గుర్తింపు నంబర్, లాగిన్ అయిన పరికరాన్ని పోర్టల్ (లాగిన్ పేజీ ఏర్పాటు) గుర్తుపట్టేది దానితోనే. అది రోజూ మారేలా పెట్టి ఉంటే రోజూ కొత్త మనిషే అనుకుని మళ్లీ ఓటీపీ అడుగుతుంది, పరికరాల లెక్కలో ఇంకొకటి కలుపుతుంది. నాలుగు రోజులు ఉండే లాడ్జిలో ఆ ఒక్క నెట్‌వర్క్‌కి రోజూ మారకుండా చేసుకోండి. ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా కూడా పెట్టండి, లేకపోతే మీరు మీటింగ్‌లో ఉండగా విండోస్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ మీ వాటా తాగేస్తాయి. వీడియో ఆపేయడం చిన్నతనం అనుకోవద్దు. ఒట్టి మాటలకి సెకనుకి 100 కిలోబిట్లు కూడా అక్కర్లేదు, చచ్చీచెడీ నడిచే వైఫై మీద కూడా అది పోతుంది.

వీపీఎన్‌లో మెయిల్ వస్తుంది, కొన్ని సైట్లు మాత్రం సగం తెరుచుకుని ఆగిపోతాయి అన్నది ఇంకో రకం. అది ప్యాకెట్ సైజు గొడవ. వీపీఎన్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) 1500 నుంచి 1300కి దించితే చాలాసార్లు పోతుంది. మీ ఐటీ వాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

భద్రత గురించి మీరు అడగలేదు కాబట్టి రెండు ముక్కలే. పాస్‌వర్డ్ లేని వైఫైకి ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే టిక్ తీసేయండి, అదే పేరుతో ఎవడైనా ఇంకో డబ్బా పెట్టగలడు. లాగిన్ పేజీ ఫోన్ నంబర్, ఓటీపీ దాటి కార్డు వివరాలో, మెయిల్ పాస్‌వర్డో అడిగితే మూసేయండి.

మళ్లీ అడాప్టర్ దగ్గరికి. అది అక్కరకొచ్చే సందర్భం ఒకటి ఉంది: ల్యాప్‌టాప్ పాతదై, అందులోని కార్డుకి 5 గిగాహెర్ట్జ్ రాకపోతే. తెలుసుకోవడం సులువు. మీ ఫోన్ హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి, ల్యాప్‌టాప్ జాబితాలో దాని పేరు కనపడకపోతే కార్డు 2.4కే పరిమితం. అప్పుడు డ్యూయల్ బ్యాండ్ అడాప్టర్ కొనండి, గోరంత ఉండేది కాకుండా చిన్న యాంటెన్నా ఉన్నది. దాన్ని ఒక అడుగు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టండి, ఎందుకంటే యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ లాంటిది పనిచేస్తుంటే 2.4లో రొద పుడుతుంది. లాడ్జిల్లో ఎక్కువ రోజులు ఉంటానంటే అడాప్టర్ కన్నా ముందు ఒక రెండు మీటర్ల లాన్ కేబుల్, యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే ముక్క కొనమంటాను. చాలా గదుల్లో టీవీ వెనకాల గోడకి లాన్ పోర్టు ఉంటుంది, ఎవరూ చూడరు. అన్నిటిలోనూ ప్రాణం ఉండకపోవచ్చు, ఉన్నచోట మాత్రం ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లాగే నడుస్తుంది.

ఈసారి ఆగిపోయినప్పుడు మూడు పింగ్‌ల ఫలితం, ఐపీ అడ్రస్‌లో చుక్కల మధ్య ఉండే మొదటి రెండు సంఖ్యలు, ల్యాప్‌టాప్ మోడల్ రాయండి. స్టేషనా, లాడ్జా, కాఫీ షాపా అన్నది కూడా. ఎక్కడ తెగుతోందో చూసి చెప్తాను.